ఖరిదా సందులో తొమ్మిదో పేరు

నూకయ్య బెంగాల్లోని ఖరగ్‌పూర్ రైల్వే బ్రేక్‌డౌన్ గ్యాంగులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాడు. ఎక్కడైనా బండి పట్టాలు తప్పితే దాన్ని ఎత్తడానికి పెద్ద క్రేనుతో వెళ్లే మనుషులు వాళ్లు. యార్డులో సైరన్ మోగిందంటే నోటి దగ్గరి ముద్ద పళ్లెంలో వదిలేసి పరిగెత్తాలి. వాళ్ల మేస్త్రీ ఆర్థర్ మాత్రం సైరన్ లేని రోజుల్లోనే ఎక్కువ కష్టపెట్టేవాడు. ప్రతి సోమవారం ఇనపతాళ్లన్నీ కిందికి దింపించి, చేతికి పాత గుడ్డ చుట్టుకుని తాడు పొడవునా తడమమనేవాడు. ఎక్కడైనా తెగిన తీగ గుడ్డకు తగులుకుంటే ఆ తాడు పక్కన పడేయాల్సిందే. ఎవరైనా విసుక్కుంటే, "ఇయ్యాల సూడకపోతే అక్కడ బోగీ కింద మడిసున్నప్పుడు సూస్తావేట్రా?" అనేవాడు. ఇరవై తొమ్మిదేళ్లలో నూకయ్య తడిమిన తాడు ఒక్కటీ తెగలేదు. ఆ సంగతి అతను ఎవరితోనూ గొప్పగా చెప్పుకోలేదు గానీ లోపల ఉండేది.

రిటైరయ్యాక న్యూ సెటిల్‌మెంట్‌లో రైల్వే క్వార్టరు ఖాళీ చేసి ఖరిదా పేటలో ఒక సందులో రేకుల ఇల్లు కట్టుకున్నాడు. ముప్పై ఒక్క ఇళ్ల సందు అది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తాతల నాడు వచ్చిన రైల్వే కుటుంబాలే ఎక్కువ. చివర్న నాలుగు బెంగాలీ ఇళ్లు. సగానికి పైగా ఇళ్లకు సిమెంటు రేకులో, ఇనప రేకులో కప్పు. తుఫాను వస్తోందని టీవీలో చెప్పినా ఎవరికీ పెద్ద పట్టింపు ఉండేది కాదు. సముద్రం ఎక్కడో దీఘా దగ్గర కదా, ఇక్కడికొచ్చేసరికి గాలి అలిసిపోతుంది అనుకునేవాళ్లు. నూకయ్య కూడా అలాగే అనుకున్నాడు.

ఐదేళ్ల కిందట వైశాఖంలో ఒక తుఫాను అలిసిపోకుండానే వచ్చింది.

అప్పటికి నూకయ్య ఇంటి కప్పు మీద ముందు వరసలో రెండు హుక్కు బోల్టులు తుప్పుపట్టి అరిగిపోయి ఉన్నాయి. రేకును కింద దూలానికి పట్టి ఉంచేవి అవే. అతని భార్య జోగమ్మ రెండుసార్లు చెప్పింది. "రేపు మార్సేస్తాను" అన్నాడు. ఆ రేపు రాకముందే గాలి వచ్చింది. మధ్యాహ్నం మూడింటికి ఆ ఇనప రేకు కీచుమని లేచి, సందు దాటి ఎదురింటి మీదికి వెళ్లింది. ఎదురింటి ఆమోసు సరిగ్గా అప్పుడే తన నిచ్చెనను లోపలికి లాక్కుంటున్నాడు. రేకు అంచు అతని కుడి భుజంలో దిగింది.

ఆమోసు బోర్డులు రాసే పెయింటరు. ఖరిదా, గోల్‌బజార్ కొట్ల మీద బెంగాలీ, హిందీ, తెలుగు, మూడు లిపుల్లోనూ ఒకే పొందికతో అక్షరాలు దించేవాడు. గాయం మానింది గానీ చెయ్యి భుజం దాటి పైకి లేవడం మానేసింది. దుకాణాల బోర్డులన్నీ తల కంటే ఎత్తున ఉండేవే కదా. ఆ తరువాత అతను కూర్చుని రాసే చిన్న పలకలు, చర్చిలో వాక్యాల అట్టలు, బళ్ల నంబర్లు రాసుకుంటూ వచ్చాడు.

ఆమోసు ఒక్కనాడూ నూకయ్యను నిందించలేదు. "గాలి పని అన్నా, నువ్వేటి సేస్తావు" అనేవాడు. అతని భార్య స్వర్ణకుమారి మాత్రం ఆ రోజు నుంచి నూకయ్యతో మాట్లాడటం మానేసింది. తగువు పెట్టుకోలేదు. ఎదురుపడితే తల పక్కకు తిప్పుకునేది కూడా కాదు. అతను అక్కడ లేనట్టే నడిచి వెళ్లిపోయేది. వందల టన్నుల బళ్లను ఎత్తిపెట్టిన గ్యాంగు మనిషికి తన ఇంటి రెండు బోల్టులు బిగించుకునే తీరిక లేకపోయిందన్న మాట ఆవిడ అనకుండానే అతనికి వినబడుతూ ఉండేది.

ఆ ఏడు వానలు తగ్గగానే నూకయ్య ఒక సంచిలో కొత్త బోల్టులు, రబ్బరు వాషర్లు, స్పానరు వేసుకుని మొదట తన కప్పు ఎక్కాడు. తరువాత పక్కింటిది. తరువాత ఆ పక్కది. రమ్మని అడిగినవాళ్లూ ఉన్నారు, "మా ఇంటి మీద నీకేటి పని?" అన్నవాళ్లూ ఉన్నారు. అన్నవాళ్ల ఇళ్లకు మర్నాడు మళ్లీ వెళ్లేవాడు. రెండేళ్లలో సందులో అతను బోల్టు చూడని ఇంటి కప్పు లేదు. ప్రతి చైత్రంలోనూ కాలవైశాఖి అనే ఎండాకాలపు గాలివానలు మొదలవక ముందే మునగచెట్ల కొమ్మలు కొట్టించడం, మురికికాలవలో పూడిక తీయించడం అలవాటు చేశాడు. రేషన్ కార్డులు, బ్యాంకు పుస్తకాలు, పిల్లల సర్టిఫికెట్లు మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టి అటక మీద ఉంచుకోమని ఇంటింటికీ చెప్పాడు. చర్చి పాస్టరు సిరిల్ గారిని అడిగి, స్లాబు వేసిన చర్చి హాలు తాళంచెవి ఒకటి సందులో ఉండేలా ఒప్పించాడు. మసీదు వీధి నుంచి వచ్చే అంగన్‌వాడీ టీచరు మీనాకుమారి ఒక నోటుపుస్తకం తెరిచింది. ఏ ఇంట్లో ఎందరు, ఏ కప్పు ఎలా ఉంది, ఎవరికి ఏ మందు, చెయ్యి పట్టుకుని నడిపించాల్సినవాళ్లెవరు, అన్నీ అందులో రాసింది. ఆమోసు తన ప్రహరీ గోడ మీద, తన చెయ్యి అందినంత ఎత్తులోనే, మూడు లిపుల్లో ఫోను నంబర్లు, హాలుకు వెళ్లే దారి రాశాడు. గోడ పై సగం ఖాళీగానే ఉండిపోయింది.

గడిచిన మాఘంలో నూకయ్యకు ఛాతీలో నొప్పి వచ్చింది. రైల్వే ఆసుపత్రి వాళ్లు పై ఊరికి పంపారు. గుండె రక్తనాళంలో స్టెంటు వేసి పంపేశారు. నిచ్చెనలెక్కొద్దు, బరువులెత్తొద్దు అన్నారు. సందులో అందరికీ ఏదో చిన్న వైద్యం జరిగిందని మాత్రమే తెలుసు. అంతకంటే తెలియనివ్వలేదు అతను.

జ్యేష్ఠం మొదటి వారంలో బంగాళాఖాతంలో మరో తుఫాను పుట్టింది. ఎల్లుండి ఉదయానికి తీరం దాటుతుందని చెప్పిన రోజు సాయంత్రం నాలుగింటికి అంగన్‌వాడీ వసారాలో అందరూ చేరారు. మీనాకుమారి నోటుపుస్తకం తీసి, చేతిసాయం కావలసినవాళ్ల పేర్లు చదివింది. మొదటి పేరు జ్ఞానరత్నం. ఎనభై రెండేళ్ల మనిషి, తుంటి విరిగి మంచం మీదే ఉంది. నాలుగోది ఆమోసుది. చివరిది బెంగాలీ ఇళ్లలో నెలలు నిండిన కోడలిది.

"ఎనిమిది మంది. ఇంకెవరూ లేరు కదా?" అంది మీనాకుమారి.

"ఉన్నారమ్మా," అంది జోగమ్మ స్తంభం పక్క నుంచి. "మా ఆయన పేరు రాయి."

నూకయ్య వేళాకోళం అనుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు.

"ఏటే? నాకేటయింది?"

"గుండెకి స్టెంటేసినారు. నిచ్చెనెక్కొద్దన్నారు. మొన్న బుజ్జిబాబు ఇంటి కప్పెక్కి దిగి, అరగంట అరుగు మీద సెమటలు కక్కుకుంటా కూకున్నావు. నాను సూడ్నేదనుకున్నావా?"

అందరూ తన ముఖం వైపే చూస్తున్నారని నూకయ్యకు తెలుస్తూనే ఉంది. పుస్తకం మొదలెట్టించింది తను. ఆ పేర్ల వాళ్లను ఎవరెవరు ఎలా తీసుకెళ్లాలో ఏటేటా చెప్పేది తను. ఇప్పుడు ఆ వరసలో తన పేరు. "రేపు తాళ్లేసి కట్టాల్సిన కప్పులు ఇంకా ఆరున్నాయి. ఈ కబుర్లకి తీరిక నేదు" అని లేచి, చెప్పులు వేసుకుని ఇంటికి వెళ్లిపోయాడు. మీనాకుమారి కలం పుస్తకం మీద అలాగే ఆగిపోయింది.

ఇంటి ముందు కూర్చుని నైలాను తాడు చుట్లు విప్పుతూ ఉంటే గేటు చప్పుడైంది. జోగమ్మ అనుకుని తలెత్తలేదు.

"అన్నా, ఒక మాట."

స్వర్ణకుమారి గొంతు. ఐదేళ్ల తరువాత ఆ గొంతు తనతో మాట్లాడటం అదే మొదలు. నూకయ్య తాడు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు.

"రేకెగిరినందుకు నాకు కోపం నేదన్నా. గాలికి ఎగిరింది. హుక్కులు అరిగిపోయినాయని నీకు ముందే తెలుసు. జోగమ్మొదిన సెప్పింది కూడా. తెలిసీ ఊరుకున్నావు. నా కోపం దానికి."

నూకయ్య తల వంచుకున్నాడు. ఇన్నేళ్లలో తనకు తాను చెప్పుకున్న మాటే అయినా, మరొకరి నోట వింటే వేరుగా ఉంది.

"తప్పే సెల్లీ" అన్నాడు.

"ఇప్పుడు నీ గుండె సంగతీ నీకు తెలుసు. తెలిసీ రేపు నిచ్చెనెక్కుతానంటన్నావు. మళ్లీ అదే పని కదా సేస్తన్నావు? రేపు గాలిలో నువ్వు కప్పు మీంచి పడితే నిన్ను మొయ్యడానికి నలుగురు కావాలి. ఆ నలుగురూ జ్ఞానరత్నమ్మని ఒగ్గేసి రావాలి."

ఆవిడ గొంతులో కసి లేదు. కూరగాయల కొట్టు దగ్గర లెక్క తప్పిందని చెప్పినట్టు చెప్పింది. చెప్పి, జవాబు కోసం ఆగింది కూడా.

"మరి ఆ ఆరు కప్పులు?" అన్నాడు నూకయ్య.

"మా రెబెక్కా ఉంది. వినోద్ ఉన్నాడు. నువ్వు కింద నిలబడి సెప్పు. ఆళ్లు ఎక్కుతారు."

"సరే. మీనాకుమారిని రాసీమను" అన్నాడు.

ఆవిడ వెళ్లాక తాడు చుట్టేసి గోడకు తగిలించాడు. లోపలికి వెళ్లి చెంబుడు నీళ్లు తాగాడు.

ఆమోసు కూతురు రెబెక్కా లోకోషెడ్డులో ఎలక్ట్రికల్ టెక్నీషియను. ఆ సందులోనే ఉండే వినోద్ రైల్వే వర్క్‌షాపులో వెల్డరు. మర్నాడు ఇద్దరూ సెలవు పెట్టారు. తెల్లవారిన దగ్గర నుంచి ఐదు కప్పులు పూర్తిచేసి, మధ్యాహ్నానికి ఆఖరుదైన నూకయ్య ఇంటికి వచ్చారు. అప్పటికే ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. గాలి లేదు. ఉక్కపోత.

రెబెక్కా నిచ్చెన వేసి కప్పు మీదికి పాకింది. ముందు వరస దగ్గర, ఒకప్పుడు ఎగిరిపోయిన రేకు స్థానంలో వేసిన కొత్త రేకు పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. కింద నిలబడ్డ నూకయ్య నిచ్చెన కాలు గట్టిగా పట్టుకున్నాడు. రేకు ఎగిరిన నాటికి ఆ పిల్లకు ఇరవై ఏళ్లు. నెత్తురోడుతున్న తండ్రి భుజాన్ని తన చున్నీతో అదిమిపట్టి రిక్షాలో కూర్చున్నది ఆ పిల్లే.

"మావయ్యా, ఈ వాషరు గట్టిపడిపోయింది. మార్సీమంటావా?"

"మార్సీ. రబ్బరు మీద ఏలుగోరు దిగకపోతే అది పనికిరాదమ్మా."

"నేను రెండేసి వేస్తన్నాను. షెడ్డులో మేం అలాగే వేస్తాం."

రెండెందుకు అనబోయి నూకయ్య ఆగాడు. ఆలోచిస్తే అదే మేలనిపించింది. తాడు కప్పు మీదుగా అడ్డంగా వేసి రెండు వైపులా ఇసకబస్తాలకు కట్టాలి. బస్తా నేల మీద ఆనకూడదు, వేలాడుతూ ఉండాలి, అప్పుడే బరువంతా రేకు మీద పడుతుంది. ఆ సంగతి అతను చెప్పాడు, వినోద్ కట్టాడు. ముడి వేసేటప్పుడు మాత్రం నూకయ్య చేతులు తమంతట తామే లేచాయి. వినోద్ నవ్వి తాడు అతనికి అందించాడు. "ముడికి గుండె అక్కర్నేదులే మావా, నువ్వే ఎయ్యి" అన్నాడు.

తుఫాను రోజు ఉదయం ఎనిమిదింటికే వాన మొదలైంది. తొమ్మిదికల్లా అందరూ హాలులో ఉండాలని అనుకున్నారు. గ్యాసు సిలిండర్లు కట్టేసి, కరెంటు మెయిన్లు దింపేసి, ఒక్కో ఇంటివాళ్లూ గొడుగుల కింద బయలుదేరారు. జ్ఞానరత్నాన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కుర్చీకి రెండు వెదురు బొంగులు కట్టి నలుగురు ఎత్తుకున్నారు. ఆవిడ మీద పాత రెయిన్‌కోటు కప్పారు. "పెళ్లిలో కూడా నన్నింత బాగా తీసుకెల్లనేదు" అంటూ ఆవిడ దారంతా నవ్వించింది. ఆ వెనుక నూకయ్యను పట్టుకుని నడవడానికి స్వర్ణకుమారి తమ్ముడొకడు వచ్చాడు. పట్టుకోవాల్సిన అవసరం లేకపోయినా నూకయ్య అతని చెయ్యి విదిలించుకోలేదు.

హాలులో బల్లలు గోడలకు జరిపి చాపలు పరిచారు. రెండు పెద్ద డ్రమ్ముల్లో తాగేనీళ్లు పట్టి ఉంచారు. ఒక మూల బెంగాలీ ఆడవాళ్లు ఖిచుడీకి బియ్యం, పెసరపప్పు కడుగుతున్నారు. నూకయ్యను కిటికీకి దూరంగా ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. తిరిగే కాళ్లకు, చేసే చేతులకు పని లేకపోయేసరికి అతను కుర్చీలో అటూ ఇటూ కదులుతూ ఉన్నాడు. ఆమోసు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"మొదటేడు నాకూ ఇలాగే ఉండీదన్నా. ఈ సేతులు ఎక్కడెట్టుకోవాలో తెలిసీది కాదు."

"మరేటి సేసినావు?"

"కూకున్నాను. ఏటి సెయ్యను?" అని నవ్వాడు ఆమోసు. "పద, మనుసుల్ని నెక్కెడదాం. అది కూకుని సెయ్యొచ్చు."

ఇద్దరూ పుస్తకం పట్టుకుని లెక్కపెట్టారు. నూట పదహారు మంది ఉండాలి. నూట పదిహేను మందే ఉన్నారు. మళ్లీ లెక్కపెట్టారు. అంతే. ఇంటింటి పేర్లు పిలిస్తే తేలింది, బుజ్జిబాబు రాలేదు. పార్శిల్ ఆఫీసులో పనిచేసే ఒంటరి మనిషి. అతనికి పెళ్లాం పిల్లల్లేరు గానీ పద్నాలుగు పావురాలున్నాయి. వాటిని వదిలి రానని ఇంట్లోనే ఉండిపోయాడు.

అప్పటికి పది దాటింది. గాలి హోరు మొదలైంది గానీ ఇంకా మనిషి నిలబడగలిగేలాగే ఉంది. నూకయ్య లేవబోయాడు. కుర్చీ చేతుల మీద అరచేతులు ఆనించి సగం లేచాడు కూడా. అవతలి నుంచి జోగమ్మ చూసింది. అతను తనంతట తానే మళ్లీ కూర్చున్నాడు.

"వినోదూ, ఇలా రా. నువ్వూ రెబెక్కా ఎల్లండి. నడుముకి తాడు కట్టుకోండి ఇద్దరూ. చర్చి గోడ పక్క నుంచే నడవండి, ఎర్రపూల కృష్ణచూడ చెట్టు కిందకి మాత్రం ఎల్లొద్దు. కరెంటు తీగ ఏటైనా కిందపడి ఉంటే అక్కడి నుంచే ఎనక్కి వచ్చీండి. పావురాల్ని ఒగ్గీమని సెప్పొద్దు. బుట్టలో ఎట్టుకుని రమ్మనండి. అలాగైతేనే వస్తాడు."

వాళ్లు వెళ్లారు. ఆ పది నిమిషాలూ నూకయ్య గోడ గడియారం వైపు చూడకుండా తలుపు వైపే చూశాడు. స్వర్ణకుమారి తలుపు పక్కనే నిలబడి ఉంది. వెళ్లింది ఆవిడ కూతురు. ఆవిడ అతని వైపు ఒక్కసారి చూసింది. తన మాట మీదే ఆ పిల్ల వెళ్లిందని నూకయ్యకు తెలుసు. తనే వెళ్లి ఉంటే ఇంత భయం ఉండేది కాదనిపించింది.

తలుపు తెరుచుకుంది. ముందు వెదురుబుట్ట, వెనుక తడిసి ముద్దయిన బుజ్జిబాబు, అతని వెనుక ఇద్దరూ లోపలికి వచ్చారు. బుట్టలో పావురాలు కువకువలాడుతున్నాయి. పిల్లలందరూ బుట్ట చుట్టూ మూగారు. నూకయ్య పుస్తకంలో బుజ్జిబాబు పేరు పక్కన టిక్కు పెట్టి, కలం మూత పెట్టడం మరిచిపోయి అలాగే జేబులో పెట్టుకున్నాడు. చొక్కా జేబంతా సిరా అయింది.

పన్నెండింటికి గాలి బాగా పెరిగింది. ఎక్కడో రేకు టపటపా కొట్టుకుంది. పెద్ద చప్పుడుతో కృష్ణచూడ చెట్టు సందుకు అడ్డంగా కూలింది. హాలులో కొందరు ప్రార్థన చేసుకున్నారు, కొందరు నూకాలమ్మను తలుచుకున్నారు, పిల్లలు ఖిచుడీ తిని నిద్రపోయారు. మూడున్నరకు వాన సన్నబడి, గాలి తగ్గింది. ఇళ్లు చూసుకోవాలని అందరూ లేచారు. నూకయ్య ఒప్పుకోలేదు. రెబెక్కా కరెంటు ఆఫీసుకు ఫోను చేసి లైను ఆపి ఉందని తేల్చుకుని, పడిన తీగలున్న చోట ఎర్రగుడ్డ కట్టి వచ్చేదాకా ఎవరినీ గడప దాటనివ్వలేదు. ఒకళ్లిద్దరు గొణిగారు. ఆ గంటా గొణుగుతూనే గడిచింది.

సందులో ఒక ప్రహరీ కూలింది. ఒక పశువులపాక రేకులు రెండు ఊడి పక్క ఖాళీస్థలంలో పడ్డాయి. అది ఎవరూ బోల్టులు చూడని పాక, పుస్తకంలోనే లేదు. నూకయ్య దాన్ని ఆ సాయంత్రమే రాయించాడు. అతని ఇంటి వెనుక సిమెంటు రేకు ఒకటి కొమ్మ పడి చిట్లింది. మనిషికి గీత కూడా పడలేదు. నెలలు నిండిన బెంగాలీ కోడలికి నాలుగు రోజుల తరువాత ఆసుపత్రిలో సుఖంగా ఆడపిల్ల పుట్టింది.

స్వర్ణకుమారి ఇప్పుడు నూకయ్యతో మాట్లాడుతుంది. ఎక్కువ కాదు. మందులేసుకున్నావా అన్నా అని ఒకసారి, మీ కాలవలో ఆకులు నిండినాయి అని ఒకసారి. ఆమోసు భుజం అలాగే ఉంది, అది మారేది కాదు. నూకయ్యకు ఆ సంగతి తెలుసు. అతను నిచ్చెన ఎక్కడం మానేశాడు. మొదట్లో కష్టమయింది. తరువాత కింద నిలబడితే పైవాడికి కనిపించనివి చాలా కనిపిస్తాయని గ్రహించాడు.

భాద్రపదంలో ఊళ్లోనే ఇందా వైపు నుంచి ఒక బెంగాలీ మాస్టారు వచ్చి తమ పాడాలో, అంటే తమ పేటలో కూడా ఇలా చేసి చూపించమని అడిగాడు. నూకయ్య, రెబెక్కా, ఆమోసు ఆటోలో వెళ్లారు. ఇరవై మంది దాకా పోగయ్యారు. వాళ్ల బెంగాలీకి నూకయ్య బెంగాలీ సరిపోలేదు, మధ్యమధ్య హిందీ కలిపాడు. బోల్టులు, వాషర్లు బల్ల మీద పరిచి మొదలుపెట్టబోతుంటే ముందు వరసలో ఒక ముసలావిడ అడిగింది.

"దాదా, మీరెందుకు మొదలెట్టారు ఈ పని?"

రెబెక్కా తల దించుకుంది. నూకయ్య పక్కనే కూర్చున్న ఆమోసు వైపు చూశాడు. ఆమోసు తల ఊపాడు.

నూకయ్య కుర్చీ కొంచెం ముందుకు జరుపుకుని, అరిగిపోయిన రెండు బోల్టుల సంగతి మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.